ఆకులో మాంసమా?

సందేహం: డిగ్రీలో బయోకెమిస్ట్రీ ఈమధ్యే మొదలుపెట్టాను. ప్రోటీన్లను మాంసకృత్తులంటూ ‘ఆకులు కూడా మాంసకృత్తులను కలిగి ఉంటాయి’ అని తెలుగు పుస్తకంలో ఉంది. ఆకులో మాంసం ఎక్కడిది? ఈ మాట తప్పు కదా? కార్బోహైడ్రేట్లను పిండిపదార్థాలు అనవచ్చా?

సమాధానం: మాట తప్పు కాదు, మీరు విడదీసిన తీరు తప్పు. ‘మాంసంతో చేసినవి’ అని చదువుకున్నారు. కృతం అయితే అలాగే అనుకోవచ్చు, కానీ ఇక్కడున్నది కృత్తు. విష్ణుసహస్రనామం మొదటి శ్లోకంలోనే ‘భూతకృద్భూతభృద్భావో’ అని వస్తుంది. భూతకృత్ అంటే భూతాలను, అంటే ప్రాణులను, చేసేవాడు, భూతాలతో చేసినవాడు కాడు. భాష్యకృత్తు అంటే భాష్యం రాసినవాడు. మాంసకృత్తూ అంతే, మాంసాన్ని తయారుచేసేది. కృ ధాతువు చివర ఆ తకారం ఎలా వచ్చిందో ‘హ్రస్వస్య పితి కృతి తుక్’ అనే పాణిని సూత్రం చెబుతుంది. విద్యుత్ విద్యుత్తు అయినట్టే తెలుగులో ఇది కృత్తు అయింది. ఆ ఒత్తే ఈ మాటకు ప్రాణం. దాన్ని మింగేసి ‘మాంసకృతులు’ అని అచ్చువేసేవాళ్లున్నారు. కృతులు త్యాగయ్యగారివండీ!

అలాగని కృత్తు కనిపించిన చోటల్లా ఇదే అర్థం పట్టుకోకండి. శివుడు కృత్తివాసుడు. అక్కడ కృత్తి అంటే తోలు, ధాతువు వేరు. యకృత్తు సంగతి ఇంకా చిత్రం. అది కాలేయం. చూడ్డానికి మాంసకృత్తుకు తోబుట్టువులా ఉంటుంది గానీ, దాని చుట్టాలు లాటిన్‌లో యెకుర్, గ్రీకులో హేపార్. వాటికీ కాలేయమనే అర్థం. కృ ధాతువుతో దానికి ఏ సంబంధమూ లేదు. తీరా చూస్తే, రక్తంలో తిరిగే ఆల్బుమిన్ అనే మాంసకృత్తును తయారుచేసేది ఆ యకృత్తే!

ఇక మీ ఆకు. కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే పనిలో మొదట దాన్ని పట్టుకునే రుబిస్కో అనే ఎంజైము ప్రోటీనే, ఆకులో దండిగా ఉంటుంది. కండ పెంచడం దాని పని కాదు. ఇన్సులిన్‌దీ అంతే. 51 అమైనో ఆమ్లాలు, రెండు గొలుసులు, పనేమో రక్తంలో కబురు మోయడం. ఇక్కడ మాత్రం మాంసకృత్తు అనే పేరు బిగుతైందన్నది నిజం. 1838లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సూచించగా డచ్ రసాయన శాస్త్రవేత్త ముల్డర్ వాడిన ‘ప్రోటీన్’కు గ్రీకులో ప్రధానమైనది అనే అర్థం ఉంది. ఏ పనీ చెప్పని పేరు కాబట్టి అన్ని పనులకూ సరిపోతుంది. పోషణ గురించి రాసేటప్పుడు మాంసకృత్తులే బాగుంటుందని నా అభిప్రాయం. ఎంజైముల పాఠంలో ప్రోటీన్ అన్నా నేను కోప్పడను.

గ్లూకోజు పిండి కాదు, నిజమే. కానీ పిండిపదార్థాలనే వాడుక స్థిరపడింది, వదిలేయండి.

నా కోపమల్లా మీ పుస్తకంలోని ‘కలిగి ఉంటాయి’ అనే ఇంగ్లీషు పోకడ మీద. ‘ఆకుల్లో కూడా మాంసకృత్తులు ఉంటాయి’ అంటే ఏం తక్కువైంది? మీకు అది సందేహంగా కూడా తోచలేదు!