ఎకరాలు చవకే, నీళ్ళ సంగతి అడిగారా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మావారిది హెచ్1బి వర్క్ వీసా, ఇంటి నుంచే పని. బాబుకి తొమ్మిదేళ్ళు, ఆస్తమా ఉంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మూడు రోజులు కరెంటు, నీళ్ళు లేక మేం పడ్డ పాట్లు చెప్పలేను. అప్పట్నుంచి మావారు మారిపోయారు. గరాజ్ నిండా బియ్యం బస్తాలు, బ్యాటరీలు, ఒక జనరేటర్. ఇప్పుడు కొలరాడోలో కోస్టియా కౌంటీ అట, అయిదెకరాలు కొన్ని వేల డాలర్లకే వస్తుందట, 401కే (రిటైర్మెంట్ పొదుపు) డబ్బు తీసి కొనేసి, బోరు, సోలార్, కూరగాయలతో ఎవరి మీదా ఆధారపడకుండా అక్కడే ఉందామంటున్నారు. "రేపల్లె దగ్గర మా తాత అలా బతకలేదా?" అంటారు. నేను పిచ్చి అన్నాను, అదీ స్నేహితుల ముందు. రెండు వారాలుగా మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ "పిచ్చి" అన్న మాట వెనక్కి తీసుకోండి, అదీ ఈరోజే. గడ్డకట్టే చలిలో ఊపిరాడని బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏమీ చేయలేక కూర్చున్న తండ్రి ఆయన. ఆ తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. భయపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ భయానికి ఆయన ఎంచుకున్న మందు దీనికి పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న, మీరు వాదించాల్సింది దాని మీదే. స్థలం గురించి ఆయనకన్నా ఎక్కువ తెలుసుకుని మాట్లాడితే ఆయన వింటారు, ఎందుకంటే అప్పుడు మీరు ఆయన్ని సీరియస్‌గా తీసుకున్నట్టు.

అందుకే కోస్టియా గురించి వివరంగానే చెప్తాను. ఆ కౌంటీ కేంద్రమైన సాన్ లూయిస్ ఊరు దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉంది, ఊటీ కంటే ఎత్తు. ఆ ఊరున్న లోయ అడుగున ఏడాదికి పడే వాన, మంచు కలిపినా ఏడెనిమిది అంగుళాలే, అంటే సుమారు 180-200 మిల్లీమీటర్లు. మనం కరువు జిల్లా అనుకునే అనంతపురంలో దానికి రెండున్నర, మూడు రెట్లు పడుతుంది! గడ్డకట్టే చలి లేని రోజులు ఏటా మూడు నెలలు ఉంటే గొప్ప, జూన్‌లో కూడా రాత్రి చలికి మొక్కలు మాడిపోవచ్చు. అక్కడి రైతులు వేసేది బంగాళాదుంప, బార్లీ, పశువుల గడ్డి. వంకాయ, మిర్చి, గోంగూర గ్రీన్‌హౌస్ లేకుండా మర్చిపోవాల్సిందే. చలికాలంలో రాత్రులు సున్నా ఫారెన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) కంటే బాగా కిందకి పోతాయి. ఎండ మాత్రం పుష్కలం, సోలార్ విషయంలో ఆయన లెక్క కరెక్టే, అది ఒప్పుకోండి.

అసలు చిక్కు నీళ్ళతో. కొలరాడోలో భూమి కొంటే నీళ్ళు రావు, నీటి హక్కు వేరే ఆస్తి, ఎవరు ముందు వాడుకలో పెడితే వాళ్ళదే ముందు. ముప్ఫై అయిదు ఎకరాల కన్నా చిన్న స్థలంలో బోరుకి అనుమతి దొరికినా చాలావరకు ఇంట్లో వాడకానికే ఇస్తారు, తోటకీ పశువులకీ ఆ నీళ్ళు పెట్టకూడదు. వాననీళ్ళు పట్టుకోవడం కూడా 2016 చట్టం ప్రకారం రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్లే. మరి ఆ కూరగాయలు దేంతో పండుతాయి? చాలామంది ట్యాంకులతో నీళ్ళు మోసుకొచ్చుకుని బతుకుతున్నారక్కడ. లోయలో భూగర్భజలం 2002 కరువు నుంచి తగ్గుతూ వచ్చింది, పెద్ద రైతులే పొలాలు బీడు పెడుతున్నారు. పైగా కొన్న స్థలంలో ట్రెయిలర్ వేసుకుని ఉండిపోదామంటే కుదరదు, సెప్టిక్ ట్యాంకు, అనుమతులు కావాలి, 2015లో కౌంటీ ఇలా ఉంటున్నవాళ్ళ మీద గట్టిగా నిబంధనలు పెడితే పెద్ద గొడవే జరిగింది.

అయితే ఆ కౌంటీలోనే స్వయంసమృద్ధిగా బతికినవాళ్ళు లేకపోలేదు. 1850ల తొలినాళ్ళ నుంచి సాన్ లూయిస్‌లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు అసెకియాలనే ఉమ్మడి కాలవలతో వ్యవసాయం చేస్తున్నాయి. ఏటా అందరూ కలిసి కాలవ పూడిక తీస్తారు, నీళ్ళ వంతులు చూడటానికి మయోర్డోమో అనే మనిషి ఉంటాడు, మన చెరువుల కింద నీరటికాడిలాగే. ఇంటర్నెట్‌లో అమ్మే చవక ప్లాట్లలో చాలావాటికి ఆ కాలవ రాదు, అందుకే అవి చవక. మీవారి తాతగారి సంగతీ అంతే కదా. రేపల్లె పొలానికి నీళ్ళిచ్చిన కృష్ణ ఆనకట్ట 1855లో కట్టింది, ఆ కాలవ తాతగారు ఒక్కరే తవ్వుకున్నది కాదు. నాగలి చేసిన వడ్రంగి, కర్రు కాల్చిన కమ్మరి, పురుడు పోసిన మంత్రసాని, పొలంలో వంగిన కూలీలు, ఇంతమంది ఉంటే ఆయన "ఏమీ కొనకుండా" బతికారు. మీ ముగ్గురూ అక్కడ ఎవరితో కలిసి బతుకుతారో ఆయన్ని అడగండి, నాకు అన్నిటికన్నా అది ముఖ్యమనిపిస్తుంది.

బాబు సంగతి వేరే చెప్పాలా? పెద్ద ఆసుపత్రి అలమోసాలో, సాన్ లూయిస్ నుంచి నలభై మైళ్ళు. కట్టెల పొయ్యి పొగ, చలిగాలి, ఆ ఎత్తు, వీటి గురించి బాబు డాక్టర్‌తో ఇద్దరూ కలిసి మాట్లాడండి, మీరొక్కరే వెళ్ళొచ్చి చెప్తే అది మీ మాటగానే వినపడుతుంది. వీసా కూడా చూసుకోవాలి. ఇంటి నుంచే పని అయినా, ఇల్లు డాలస్ పరిధి దాటితే కంపెనీ హెచ్1బి సవరణ ఫైల్ చేయాలి, దానికి వాళ్ళు ఒప్పుకోవాలి. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి గడువు మామూలుగా 60 రోజులే, గుడ్లూ కూరలూ అమ్ముకుని గడుపుదామంటే ఆ వీసా మీద అది కుదరదు. 401కే డబ్బు రిటైర్మెంట్ వయసు రాకముందు తీస్తే పన్ను కాక సాధారణంగా పది శాతం జరిమానా.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఆ ప్లాటు కొనొద్దు. కానీ "వద్దు" అని వదిలేస్తే ఆయన భయం ఎక్కడికీ పోదు, రేపు ఇంకో కౌంటీ దొరుకుతుంది. ఉన్న ఇంటినే తుఫానుకి సిద్ధం చేసే పని మీరు కూడా పంచుకోండి. పైపులకి తొడుగులు, మనిషికి రోజుకి గ్యాలన్ చొప్పున రెండు వారాల నీళ్ళు, బాబు మందులు, నెబ్యులైజర్‌కి బ్యాటరీ. ఆ జనరేటర్ ఎట్టి పరిస్థితిలోనూ గరాజ్‌లో నడపొద్దు, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, 2021లో ఆ గ్యాస్ వల్లే పోయినవాళ్ళున్నారు. పక్కింటివాళ్ళ ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే అదీ ఈ వారం పనే. చలి వార్త రాగానే ఆయనకి నిద్ర పట్టకపోవడం, టెన్షన్‌తో చేతులు వణకడం లాంటివి ఉంటే కౌన్సెలర్ దగ్గరకి వెళ్ళాలి, చాలా కంపెనీలు కొన్ని సెషన్లు ఉచితంగానే ఇస్తాయి.

అప్పటికీ చూడాలంటే ముగ్గురూ కలిసి జనవరిలో వెళ్ళి అక్కడే అద్దెకి ఉండండి, వేసవిలో వద్దు, వేసవిలో ఆ కొండలు చూస్తే ఎవరైనా కొనేస్తారు. నీళ్ళు మోసుకొచ్చుకునే ఇంటివాళ్ళతో మాట్లాడండి, బోరు అనుమతి సంగతి రాష్ట్ర నీటి కార్యాలయంలో ప్లాటు నంబరుతో అడగండి. అది అయ్యేదాకా 401కే కాగితం మీద మాత్రం సంతకం పెట్టనని ఆయన దగ్గర మాట తీసుకోండి.