సెల్ గ్రూప్‌ను పాస్టరే నడిపించాలా?

అక్కర్లేదు, చాలా సంఘాల్లో నమ్మకస్థులైన మామూలు విశ్వాసులే సెల్ గ్రూపులను, అంటే ఇళ్లలో కలుసుకునే చిన్న గుంపులను నడిపిస్తారు. ఆదివారం ఆరాధనకు రెండు వందల మంది వస్తే, ఎవరింట్లో జబ్బు ఉందో, ఎవరి విశ్వాసం సన్నగిల్లిందో పాస్టర్‌కు తెలియడం కష్టం. పదీ పన్నెండు మంది వారం వారం ఒక ఇంట్లో కలుసుకుంటే అవి బయటికొస్తాయి. ఒకరి భారం ఒకరు మోయడమే ఈ గుంపుల ఉద్దేశం.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడైన జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి తలా వారానికో పెన్నీ ఇవ్వాలనుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒకరు చొప్పున వసూలు బాధ్యత తీసుకున్నారు. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు అక్కడి కష్టాలు, తప్పటడుగులు కంటపడ్డాయి. దాంతో ప్రతి ఒక్కరినీ వారానికోసారి కలిసి ఆత్మీయ స్థితి కనుక్కోవడం, ఓదార్చడం, అవసరమైతే గద్దించడం వాళ్ల పనిగా వెస్లీ స్థిరపరిచాడు. ఈ గుంపులను ‘క్లాసులు’ అనేవారు, స్త్రీలు కూడా వీటికి నాయకులయ్యారు. అప్పు తీర్చే ఏర్పాటు కాపరి పనిగా మారడం నిజంగా గొప్ప విషయం.

నాయకుడంటే చిన్న పాస్టర్ అని, వారం వారం ప్రసంగం చేయాలని చాలామంది పొరబడతారు. అందుకే ఎంతో ప్రేమగల విశ్వాసులు కూడా ‘నాకు బోధించడం రాదు’ అని టెన్షన్ పడి వెనక్కి తగ్గుతారు. నిజానికి శ్రద్ధగా వినడం, అందరినీ మాట్లాడనివ్వడం, రానివాళ్లను వెళ్లి పలకరించడం ముఖ్యం. అలాగని గుంపు వేరే సంఘం కాదు. వెస్లీ నియమించిన నాయకులు కూడా ఎవరు జబ్బుపడ్డారో, ఎవరు దారి తప్పుతున్నారో వారానికోసారి సంఘ సేవకుడికి చెప్పాల్సి ఉండేది.