సంతకం పెట్టినా ఓటీకి రెట్టింపే

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరు బొమ్మనహళ్లిలోని ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలర్‌గా పని చేస్తున్నాను. ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు షిఫ్టు, మధ్యలో అరగంట భోజనం. ఆర్డరు తొందరగా ఉంటే 7.30 దాకా కూర్చోబెడతారు. పంచింగ్ మాత్రం 5.30కే చేయించి, ఆ తర్వాతి గంటలను సూపర్‌వైజర్ తన నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఓటీకి (ఓవర్‌టైమ్, అంటే అదనపు గంటల పనికి) మామూలు గంట లెక్కే కడతారు, ఒక్కోసారి డబ్బుకు బదులు కాంప్ ఆఫ్ (మరో రోజు సెలవు) అంటారు. అడిగితే, కొత్త చట్టంలో రెట్టింపు తీసేశారని, మేమంతా ఒప్పుకుని సంతకాలు కూడా పెట్టామని అంటున్నారు. కన్నడ కాగితం మీద సంతకం పెట్టిన మాట నిజమే కానీ, అందులో ఏముందో నాకు తెలియదు. మేమేం చేయాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెట్టింపు తీసేశారన్నది అబద్ధం. పాత వేతన చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం వేతనాల కోడ్‌లోని 14వ సెక్షన్ కూడా, పాత ఫ్యాక్టరీల చట్టంలాగే, ఓవర్‌టైమ్‌కు మామూలు వేతనానికి రెండింతలకు తగ్గకుండా ఇవ్వాలనే చెబుతోంది. 2023లో కర్ణాటక ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజుకు 12 గంటల పనికి వీలు కల్పించినప్పటి నుంచి ఇలాంటి పుకార్లు పుడుతూనే ఉన్నాయి. ఆ సవరణలోనూ వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. మీ షిఫ్టు భోజన విరామం పోను రోజుకు 8 గంటలు, ఆరు రోజులకు సరిగ్గా 48. ఆరు రోజులూ పని చేసిన వారంలో 5.30 దాటాక మీరు కుట్టిన ప్రతి గంటా ఓటీయే. కోవిడ్ సమయంలో గుజరాత్ ప్రభుత్వం రెట్టింపు లేకుండా 12 గంటలు పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇస్తే, సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న దాన్ని కొట్టేసింది.

ఇక సంతకం సంగతి. అదనపు గంటలు పని చేయడానికి మీ సమ్మతి అవసరమే కానీ, రావలసిన డబ్బు వదులుకుంటున్నానని ఎవరు రాసిచ్చినా ఆ మేరకు ఆ ఒప్పందం చెల్లదని కోడ్ స్పష్టంగా అంటోంది. డబ్బుకు బదులు కాంప్ ఆఫ్ ఇచ్చి సరిపెట్టడమూ కుదరదు.

లెక్క ఎలాగో చూడండి. బేసిక్, కరువు భత్యం కలిపి మీకు నెలకు 13,000 రూపాయలు అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500, దాన్ని 8తో భాగిస్తే గంటకు 62.50. ఓటీ గంటకు 125 రావాలి. నెలలో 20 రోజులు రెండేసి గంటలు కూర్చుంటే 5,000 రూపాయలు. ఒంటి లెక్కన మీ చేతికి వచ్చేది 2,500. పిల్లవాడి ట్యూషన్ ఫీజంత డబ్బు ఆ నోటుపుస్తకంలోనే ఉండిపోతోందన్నమాట.

మీకు అసలు చిక్కు ఆ 5.30 పంచింగ్‌తోనే. కంపెనీ రికార్డులో మీరు అప్పటికే ఇంటికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. అందువల్ల గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాసుకున్నట్టే, బయటికి వచ్చిన వేళను ఏ రోజుకారోజు రాసుకోండి. ఓటీకి ఉండమని సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ సందేశాలను తుడిచేయకండి, వేతన చీటీలను పారేయకండి. ఫిర్యాదు దాఖలయ్యాక బకాయి చెల్లించామని రుజువు చేయవలసిన భారం కోడ్ 59వ సెక్షన్ ప్రకారం యజమానిదే అయినా, అసలు ఆ గంటలు పని చేశారని చూపడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనలో కార్మిక శాఖ అధికారులను కలవండి. ఒంటరిగా కాక మీ బ్యాచ్‌లో నలుగురైదుగురు కలిసి వెళ్లడం మేలు. మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ కూడా మీ తరఫున క్లెయిమ్ (బకాయి ఇప్పించమనే దరఖాస్తు) వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది. క్లెయిమ్ వేయడానికి కోడ్ ఇచ్చిన గడువు 3 ఏళ్లు. పాత చట్టాల్లో అది ఇంతకన్నా తక్కువే కాబట్టి తొమ్మిదేళ్ల బాకీ అంతా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, ఉన్నదాన్ని ఆలస్యంతో పోగొట్టుకోవద్దు. వెళ్లేముందు మీరు సంతకం చేసిన ఆ కన్నడ కాగితం నకలు కావాలని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోయినా, అడిగిన ఉత్తరం ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.