లెక్కలో లాప్‌టాప్‌ను కూడా రాయి

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

లాప్‌టాప్‌తో క్రిప్టో మైనింగ్‌పై, అంటే కంప్యూటర్‌తో లెక్కలు చేయించి ప్రతిఫలంగా డిజిటల్ నాణేలు "తవ్వి" తీయడంపై, నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. అయితే "ఓపిక ఉంటే ఎవరికైనా ఆదాయమే" అన్న మాట కొట్టివేయి. నిన్ను నమ్మి ఏ వేలచ్చేరి హాస్టల్ కుర్రాడో, ఇంట్లో అప్పు చేసి కొనిచ్చిన లాప్‌టాప్‌ను నెలల తరబడి రాత్రింబవళ్లు నడుపుతాడు. అది పాడైతే అతని చదువే ఆగుతుంది.

ఏ నాణెం తవ్వాలో నువ్వు చెప్పలేదు. బిట్‌కాయిన్ మొదలైన 2009లో మామూలు కంప్యూటర్ సరిపోయింది. ఇప్పుడు ఆ పనికే తయారైన ఏసిక్ యంత్రాలదే రాజ్యం. మరో పెద్ద నాణెం ఈథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌నే వదిలేసింది. ప్రాసెసర్‌తో తవ్వేవాటిలో చెప్పుకోదగ్గది మొనేరో. సుమారు రెండు నిమిషాలకొక బ్లాకు (లావాదేవీల కట్ట), బ్లాకుకు 0.6 నాణెం ప్రతిఫలం, అంటే రోజుకు 432. ప్రపంచమంతా తవ్వేవాళ్లు పంచుకోవలసింది అంతే. అందులో ఒక లాప్‌టాప్ వాటా ఎంతో లెక్కగట్టి చూపించు. పక్కనే కరెంటు ఖర్చూ వెయ్యి: 60 వాట్లతో నెలంతా నడిస్తే 43 యూనిట్లు.

వేడి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అసలు వ్యాసం అక్కడే ఉంది. లాప్‌టాప్ కాసేపు కష్టపడి కాసేపు సేదతీరేలా చేసిన యంత్రం. మే నెల చెన్నై గదిలో దాని ఫ్యాను లోపలికి లాక్కునేదే వేడిగాలి. ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చిప్ వెంటనే కాలిపోదు కానీ, వచ్చే కొద్దిపాటి ఆదాయమూ పడిపోతుంది. ఈలోగా చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండుతుంది, ఫ్యాను బేరింగ్ అరుగుతుంది, ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి ఉన్న బ్యాటరీ వేడికి ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెట్టవచ్చు. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు పోతే కార్డు మారుస్తాం. లాప్‌టాప్‌లో చిప్‌లు సాధారణంగా మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి కనుక బోర్డే మార్చవలసి రావచ్చు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, మరమ్మతు చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చో. ఫ్యానుకు, బ్యాటరీకి, బోర్డుకు ఎంత తీసుకుంటున్నారో అడిగి రాసుకో.

ఆ ఖర్చును పన్ను చట్టమూ పట్టించుకోదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ సామగ్రికి పెట్టిన డబ్బును కొనుగోలు ఖర్చుగా చూపడానికి వీల్లేదని కేంద్రం ఆ మార్చిలోనే పార్లమెంటులో చెప్పింది.

ఆదాయం కోసమైతే లాప్‌టాప్‌తో తవ్వడం దండగ. ఈ మాట సూటిగా రాయి. పని ఎలా జరుగుతుందో చూడాలనుకునేవారికి గంటసేపు నడిపి ఆపితే చాలని కూడా చెప్పు. మరమ్మతు ధరలు చేర్చి, తిరగరాసి పంపు. నాకు తెలిసిన సంపాదకుడికి నేనే ఇస్తాను.