టెక్ సందేహాలు: ఇద్దరున్న టీము, పదివేల బడ్జెట్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం చిన్న వ్యాపారాల ప్రచారం చూసుకునేవారివే. డిజైన్ చేసేదీ, పోస్టు పెట్టేదీ, ఫోన్ ఎత్తేదీ ఒకరో ఇద్దరో. ‘ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?’ అని చాలామంది అడిగారు. కింది ఐదింటిలో దేనికీ కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

ప్రశ్న: మేం ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వాట్సాప్ బిజినెస్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే జాబితా) 240 మంది ఉన్నారు. మెసేజ్ పెడితే ముప్ఫై నలభై మందికే చేరుతోంది. పెయిడ్ టూల్ తీసుకోవాలా?

వద్దు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వెళ్లేది మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవారికే. వాళ్ల నంబరు మీ దగ్గర ఉంటే చాలదు. పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టి ‘ఇన్ఫో’ తెరవండి. ‘డెలివర్డ్’ కింద ఎవరెవరున్నారో కనబడుతుంది. మూడుసార్లు పంపినా అక్కడికి రాని పేర్లున్నాయంటే వాళ్లు మీ నంబరు సేవ్ చేసుకోకపోయి ఉండొచ్చు, లేదా మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండొచ్చు.

సేవ్ చేయించడానికి సరైన సమయం పార్సిల్ విప్పేటప్పుడు. డబ్బాలో ఒక చీటీ పెట్టండి: ‘ఈ నంబరు సేవ్ చేసుకుంటే తాజా స్టాకు వచ్చిన రోజే కబురందుతుంది’ అని ఒక వాక్యం, పక్కన కాంటాక్ట్ రకం క్యూఆర్ కోడ్. స్కాన్ చేయగానే ఫోన్లో నేరుగా ‘సేవ్ కాంటాక్ట్’ తెర వస్తుంది. అందులో పేరు, నంబరు తప్ప ఇంకేమీ ఇరికించకండి. అడ్రసు, మెయిల్, వెబ్‌సైట్ అన్నీ కలిపితే కోడ్‌లో గళ్లు చిన్నవైపోయి, చిన్న చీటీ మీద స్కాన్ కావడం కష్టం.

తర్వాత జాబితాను విడగొట్టండి. ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే చోటు. ‘బెల్లం’, ‘పంచదార’, ‘డ్రైఫ్రూట్’ అని లేబుల్స్ పెట్టుకుని, ఎవరు ఏది కొంటారో వాళ్లకు అదే పంపండి. సంబంధం లేని మెసేజ్ వారానికి మూడుసార్లు వస్తే ఎవరైనా బ్లాక్ కొడతారు. బ్లాకులు, రిపోర్టులు పెరిగితే నంబరుకే ఎసరు.

‘ఒక్క క్లిక్కుతో పదివేల మందికి’ అని అమ్మే డెస్క్‌టాప్ టూల్స్, మోడ్ యాప్‌ల (వాట్సాప్‌కు అనధికార నకళ్ల) జోలికి అసలు పోవద్దు. అవి వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం. నంబరు బ్యాన్ అయితే డబ్బాల మీద అచ్చేసిన నంబరు కూడా పోయినట్టే. అధికారిక మార్గం వాట్సాప్ బిజినెస్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్ ద్వారా పెద్దసంఖ్యలో మెసేజ్‌లు పంపే సేవ). అందులో టెంప్లేట్లకు (రాసిపెట్టుకున్న మెసేజ్ నమూనాలకు) ముందే ఆమోదం కావాలి, 2025 జులై 1 నుంచి టెంప్లేట్ మెసేజ్‌కు ఇంతని లెక్కగట్టి వసూలు చేస్తున్నారు. మెసేజ్‌లు కావాలని ఒప్పుకున్నవారు వెయ్యి దాటాక ఆ ఆలోచన చేద్దురుగాని.

ప్రశ్న: తిరుపతిలో మాకు హోటల్ ఉంది. మెనూ క్యూఆర్ కోడ్‌తో 5 వేల పాంప్లెట్లు కొట్టించాం. రెండు వారాలకు ‘కోడ్ డీయాక్టివేటెడ్’ అంటోంది. ఎందుకని?

మీరు చేసింది ‘డైనమిక్’ కోడ్. అందులో ఉండేది మీ లింకు కాదు, ఆ వెబ్‌సైట్ వాళ్ల లింకు. ట్రయల్ గడువు తీరగానే దారి మూసేస్తారు. పాంప్లెట్లు ఇంకా చాలా మిగిలి ఉంటే ఒక నెల చందా కట్టడమే చవక, కొన్నే ఉంటే పైన స్టిక్కర్ అంటించండి.

ఇకమీదట ‘స్టాటిక్’ కోడ్ చేసుకోండి, దానికి గడువంటూ ఉండదు. కంప్యూటర్‌లో క్రోమ్ షేర్ మెనూలోనే ‘క్రియేట్ క్యూఆర్ కోడ్’ ఉంది (మధ్యలో డైనోసార్ బొమ్మ వస్తుంది, అది ఇష్టం లేకపోతే వేరే దారి చూడాలి). ఫ్లెక్సీకైతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్స్ → రెండర్ → బార్‌కోడ్ → క్యూఆర్ కోడ్. అది వెక్టర్ (చుక్కలతో కాక గీతల లెక్కలతో గీసిన బొమ్మ) కాబట్టి ఎంత పెంచినా అంచులు చెదరవు. కోడ్‌లో మీ సొంత డొమైన్ లింకే పెట్టి, అక్కణ్నుంచి మెనూ పేజీకి రీడైరెక్ట్ (దానంతట అదే మళ్లే ఏర్పాటు) ఇవ్వండి. రేపు మెనూ మారినా కోడ్ మారదు. సైజు విషయానికొస్తే, ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదోవంతు ఉండాలి: 3 మీటర్లకు 30 సెంటీమీటర్లు. చుట్టూ నాలుగు గళ్ల మేర తెలుపు వదలండి. డిజైనర్లు మొదట కత్తిరించేది దాన్నే.

ప్రశ్న: వరంగల్‌లో కోచింగ్ సెంటర్ పోస్టర్లు చేస్తాను. ఫొటోషాప్‌లో తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. అను (పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్)లో టైపు చేసింది ఫేస్‌బుక్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిదానికి: ప్రిఫరెన్సెస్ → టైప్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’కు మార్చి ఫొటోషాప్ మూసి తెరవండి. తర్వాత అక్షరాల లేయర్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ నొక్కండి. కొత్త వెర్షన్లలో ఈ రెండో పని ఒక్కటే చాలు. పాత ఫైళ్లలో ఒక్కో లేయర్‌కూ విడిగా చేయాలి. ‘క్ష’, ‘స్త్రీ’ టైపు చేసి చూడండి, అవి సరిగ్గా కూడితే మిగతావీ కూడతాయి. ట్రాకింగ్ సున్నా దగ్గరే ఉంచండి. అక్షరాల మధ్య దూరం పెంచితే గుణింతాలు, ఒత్తులు చెల్లాచెదురవుతాయి. లైన్ల మధ్య అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు వదలకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి.

రెండోది: అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర కోడ్) కావు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని చోట అసలు రంగు బయటపడుతుంది, గూగుల్ వెతుకులాటలోనూ దొరకదు. ఆన్‌లైన్ కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులున్న ప్రతి పదాన్నీ మళ్లీ కంటితో చదవండి.

ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర అందించిన రామభద్ర, మండలి, మల్లన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, వ్యాపారానికీ ఉచితమే. హెడ్డింగుకు రామభద్ర, కింది వివరాలకు మండలి బాగుంటాయి. ఇవి ఒకే మందంలో వస్తాయి. బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ తనంతట తాను లావు చేసి అక్షరం పూడుకుపోయేలా చేస్తుంది. సన్నం, లావు రెండూ కావాలంటే నోటో సాన్స్ తెలుగు వాడండి.

ప్రశ్న: విశాఖలో మాది ఫర్నిచర్ షోరూమ్. ప్రచారానికి నెలకు పదివేలు. ఫేస్‌బుక్‌లో పోస్టుకు 500 చొప్పున బూస్ట్ చేస్తుంటే (డబ్బు కట్టి ఎక్కువమందికి చూపిస్తుంటే) లైకులే గానీ ఫోన్లు రావడం లేదు.

లైకులకే డబ్బు కడుతున్నారు కాబట్టి లైకులే వస్తున్నాయి. బూస్ట్‌లో లక్ష్యం మార్చకుండా వదిలేస్తే లైకు, కామెంటు కొట్టే అలవాటున్నవారినే వెతికి చూపిస్తుంది. సోఫా కొనేవాళ్లు వేరే. మెటా యాడ్స్ మేనేజర్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలు పెట్టే చోటు) తెరిచి, వాట్సాప్‌లో మాట్లాడించడమే లక్ష్యంగా ప్రకటన పెట్టండి. షోరూమ్ మీద పిన్ను వేసి, డెలివరీ ఇవ్వగలిగినంత దూరమే ఎంచుకోండి.

ఇప్పుడు లెక్క. పదివేలలో 18 శాతం జీఎస్టీ పోతే ప్రకటనకు మిగిలేది సుమారు రూ.8,475, అంటే రోజుకు 280. (బిల్లింగ్ సెట్టింగ్స్‌లో మీ జీఎస్టీ నంబరు ఎక్కించారా? లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఆ జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, వదులుకుంటున్నట్టే.) ఒక్కో వాట్సాప్ ఎంక్వైరీకి రూ.40 పడుతుందనుకుంటే రోజుకు 7, వారానికి 49. మెటా సిస్టమ్ ఎవరికి చూపించాలో నేర్చుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు (ఒకే బడ్జెట్, ఒకే ఏరియాతో నడిచే ప్రకటనల గుంపు) వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. అంటే మీ బడ్జెట్ ఒకే ఒక్క యాడ్ సెట్‌కు సరిపోతుంది. సోఫాకొకటి, మంచానికొకటి అని నాలుగు పెడితే ఒక్కోదానికి పన్నెండే వస్తాయి, ఏదీ కుదురుకోదు. ఒకే సెట్‌లో మూడు ఫొటోలో వీడియోలో వేసి వారం పాటు ముట్టుకోకండి. రోజూ బడ్జెట్, ఏరియా కెలికితే నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది.

ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో తెలియడానికి వాట్సాప్ లింకుల్లో ముందే నింపిన మెసేజ్ వాడండి. పాంప్లెట్ లింకులో ‘పాంప్లెట్ చూశాను’, ఇన్‌స్టా బయోలో ‘ఇన్‌స్టాలో చూశాను’. గూగుల్ షీట్‌లో తేదీ, ఎక్కణ్నుంచి, ఏం అడిగారు, కొన్నారా, ఎంతకు: ఐదు కాలమ్స్ చాలు. రెండు నెలలు నింపితే ఏ ఖర్చు మానేయాలో షీటే చెబుతుంది.

ప్రశ్న: విజయవాడలో మాది బొటిక్. పేజీలన్నీ చూసే అబ్బాయి ఉద్యోగం మానేస్తున్నాడు. పాస్‌వర్డ్ తీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఓటీపీ అతని ఫోన్‌కే వెళ్తుంది. మెటా బిజినెస్ సెట్టింగ్స్ → పీపుల్‌లో మీ సొంత ఖాతాకూ, ఇంట్లో ఇంకొకరికీ ‘ఫుల్ కంట్రోల్’ ఇప్పించుకోండి. ఇద్దరుంటే ఒకరి ఖాతా లాకయినా పని ఆగదు. బయటి ఏజెన్సీకి పని అప్పగిస్తే పాస్‌వర్డ్ ఇవ్వకుండా ‘పార్ట్‌నర్స్’లో వాళ్ల బిజినెస్ ఐడీతో చేర్చండి, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. ఇన్‌స్టా రికవరీ నంబరును షాపు సిమ్‌కు మార్చండి. డొమైన్ ఎవరి మెయిల్ మీద కొన్నారో కూడా చూసుకోండి, చాలాచోట్ల అది డిజైనర్ సొంత జీమెయిల్ అయి ఉంటుంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ విషయంలో ఒక మెలిక ఉంది. కొత్తగా చేర్చిన ఓనర్‌కు 7 రోజులు దాటేదాకా ప్రైమరీ ఓనర్‌గా మారే వీలుండదు, పాతవారిని తొలగించనూ లేడు. అందుకని అతను నోటీసు ఇచ్చిన రోజే మిమ్మల్ని ఓనర్‌గా చేర్పించుకోండి. ఆఖరి రోజు దాకా ఆగారో, ఆ వారం అతను ఫోన్ ఎత్తుతాడా లేదా అన్న దాని మీద ఆధారపడాల్సి వస్తుంది.