గేర్లు తీసేస్తానంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

గేర్లన్నీ పీకేసి సైకిల్‌ను సింగిల్ స్పీడ్ చేసుకుంటాను, ఏమేం కొనాలో లిస్టు పంపు మామా అని అడిగినావు. లిస్టు పంపను. సైకిల్ వెనక భాగం చూడకుండా లిస్టు రాసిచ్చేవాడి మాట నువ్వు కూడా వినొద్దు.

ముందు వెనక చక్రం విప్పి, యాక్సిల్ కూర్చునే గాడి ఎట్లా ఉందో చూడు. మన పాత నల్ల సైకిళ్లకు ఉన్నట్టు పడుకుని ఉంటే నీ అదృష్టం. చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగిస్తే చైన్ బిగుస్తుంది. గాడి నిలువుగా, కిందికి తెరుచుకుని ఉంటే మాత్రం చక్రం ఒక్కచోటే కూర్చుంటుంది. ఈమధ్య గేర్ సైకిళ్లలో ఎక్కువ ఇవే వస్తున్నాయి, నీదీ అదే అయ్యుంటుంది. అప్పుడు చైన్‌ను లాగిపట్టడానికి టెన్షనర్ కావాలి. దానికోసం దుకాణాల చుట్టూ తిరగొద్దు. ఇప్పుడు వెనక వేలాడుతున్న గేర్ సెట్టే ఆ పని చేస్తుంది. కేబుల్ తీసేసి, దాని మీది చిన్న స్క్రూతో అందులోని చిన్న చక్కీలు ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లకు సూటిగా వచ్చేట్టు తిప్పుకో. స్క్రూ చాలకపోతే జానెడు కేబుల్ ముక్క బిగించి అక్కడే ఆపెయ్. చూడ్డానికి బాగుండదు, నిజమే. ముందూ వెనకా పళ్ల లెక్క సరిగ్గా కుదిరితే టెన్షనర్ అక్కర్లేదని కొందరంటారు. కుదురుతుంది కూడా. కానీ చైన్ కొంచెం అరిగి సాగితే చాలు, మళ్లీ వదులవుతుంది.

రెండో సంగతి హబ్బు, అంటే పుల్లలన్నీ కలిసే చక్రం నడిమి భాగం. వెనక పళ్ల గుత్తి మొత్తం మర తిప్పితే ఊడి వచ్చే రకమైతే, అదే మరమీద సింగిల్ ఫ్రీవీల్ మామూలుగా ఎక్కుతుంది. హబ్బును దుకాణానికి తీసుకెళ్లి, కొత్త ఫ్రీవీల్‌ను వేళ్లతో తిప్పి చూసుకుని కొను. రెండు మూడు చుట్లు మెత్తగా పోవాలి. పట్టేస్తే పానా వెయ్యొద్దు, హబ్బు మర తెగిపోతుంది. పాతది తీయడం ఇంకో కత. తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకునే ఉంటుంది, అందుకే చేత్తో రాదు. దానికి సరిపోయే రిమూవర్‌ను పెద్ద వైస్‌లో పట్టించి, చక్రాన్నే రెండు చేతులతో ఎడమకు తిప్పాలి. చక్రం పుల్లలు విప్పకముందే చెయ్యాలి ఈ పని. పుల్లలు తీసేసిన హబ్బుకు నీ బలం ఎక్కడా ఆనదు. పళ్లు విడివిడిగా జారి వచ్చే క్యాసెట్ రకమైతే పని తేలిక: ఒక్క పళ్ల చక్రం ఉంచి, రెండు పక్కలా స్పేసర్లు (ఖాళీ నింపే రింగులు) వేస్తే సరి.

ముందర క్రాంక్ (పెడల్ బిగించే కమ్మీ) దగ్గర మూడు చైన్‌వీళ్లు, అంటే చైన్ ఎక్కే పళ్ల చక్రాలు, ఉంటాయి. తక్కువ ధర సైకిళ్లలో వాటిని రివిట్ కొట్టి ఉంటారు, బోల్టులుండవు. కోసెయ్యాలని చూడొద్దు. చైన్‌ను మధ్యదాని మీద వేసుకుని మిగతా రెండూ అట్లాగే ఉంచు. బోల్టులున్న రకమైతే అనవసరమైనవి తీసేయొచ్చు, కానీ అప్పుడు పొట్టి బోల్టులు అడిగి తెచ్చుకోవాలి. పాతవి పొడుగై బిగవవు.

ఇక పళ్ల లెక్క. దీనిమీద అందరూ సలహాలిస్తారు. నాదీ ఒకటి విను: గేర్లు తీయకముందే నిర్ణయించు. ముందు 38, వెనక 18 పళ్లు ఉన్న గేరులో పెట్టి, వారం రోజులు మార్చకుండా తొక్కు. 26 అంగుళాల చక్రానికి పెడల్ ఒక చుట్టుకు సుమారు నాలుగున్నర మీటర్లు పోతావు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్లు దాటుతుంది. తిరుచానూరు నుంచి యూనివర్సిటీకి పొద్దున పోయేటప్పుడు కొండవైపు నేల మెల్లగా లేస్తుంది, సంచీ కూడా ఉంటుంది. ఆ పొద్దుటి ఎక్కుడును బట్టి ఎంచుకో, సాయంత్రం దిగేటప్పటి హుషారును బట్టి కాదు. కాళ్లు ఊరికే తిరుగుతున్నాయనిపిస్తే వెనక 16కు దిగు. ముందు 42, వెనక 16 పెట్టుకునే కుర్రవాళ్లు ఉన్నారు, అలిపిరి వైపు తిరగ్గానే లేచి నిలబడి తొక్కుతుంటారు. భాకరాపేట ఘాట్ లాంటిది ఎక్కాలన్న కోరిక ఉంటే మాత్రం ఈ పనే మానుకో, గేర్లు ఉన్నది దానికే.

చైన్ కొనేటప్పుడు వెడల్పు చూడు. మామూలు సింగిల్ ఫ్రీవీల్ పళ్లు అంగుళంలో ఎనిమిదో వంతు మందం, గేర్ సైకిల్ చైన్ సన్నం. సన్న చైన్ లావు పళ్లమీద కూర్చోదు. లావు చైన్ మాత్రం ముందరి సన్న పళ్లమీద నడుస్తుంది, కొంచెం చప్పుడు చేస్తుందంతే. కాబట్టి లావు చైనే తీసుకో. దీనిలో, ఫ్రీవీల్‌లో పిసినారితనం చెయ్యొద్దు. మిగతా ఏది చవకగా వచ్చినా నాకు అభ్యంతరం లేదు, రంగు రంగుల రిమ్ములకు డబ్బు పెడితే మాత్రం తిడతాను. టెన్షనర్ లేకుండా కుదిరితే, చైన్ మధ్యలో వేలితో నొక్కినప్పుడు అర అంగుళం ఆడాలి. క్రాంక్ తిప్పుతూ బాగా బిగిసిన చోటే చూడు, ఎందుకంటే చైన్‌వీల్ ఏదీ పూర్తి గుండ్రంగా ఉండదు.

చైన్ సూటిగా పోతోందా లేదా అన్నదే చివరికి అన్నింటికంటే ముఖ్యం. సింగిల్ ఫ్రీవీల్ పుల్లలకు దగ్గరగా, లోపలికి కూర్చుంటుంది. ముందర చైన్‌వీల్ అంతకంటే బయట ఉంటుంది. వంకరగా నడిస్తే చైన్ ఊడుతుంది, పళ్లు అరుగుతాయి. వెనక యాక్సిల్ మీద కుడిపక్క ఉన్న స్పేసర్లు కొన్ని తీసి ఎడమపక్కకు వేస్తే హబ్బు కుడికి జరుగుతుంది, చైన్ దారిలోకి వస్తుంది. అప్పుడు రిమ్ము కూడా కుడికి పోతుంది, పుల్లలు బిగించి వదిలి మళ్లీ మధ్యకు లాగాలి. దీంట్లో లాభం ఉంది: గేర్ల చక్రానికి కుడి పుల్లలు బాగా బిగిసి, ఎడమవి వదులుగా ఉంటాయి. ఇప్పుడు రెండు పక్కలా దాదాపు సమమై చక్రం గట్టిపడుతుంది.

బ్రేకులు రెండూ ఉంచు, దీనిమీద చర్చ లేదు. నీ గేర్ పిడి, బ్రేక్ లివర్ ఒకటిగా ఉంటే కొత్త లివర్లు కావాలి. నీవి వీ బ్రేకులైతే (రిమ్ముకు రెండు పక్కలా పొడుగు చేతులు నిలబడి ఉండే రకం) వీ బ్రేక్ లివర్లని చెప్పి అడుగు. వాటికి మామూలు లివర్ వేస్తే కేబుల్ తక్కువ లాగుతుంది, బ్రేక్ సరిగ్గా పట్టదు.

సెలవులకు చిత్తూరు వచ్చేటప్పుడు సైకిల్ మొత్తం బస్సెక్కించొద్దు. వెనక చక్రం, కొత్త ఫ్రీవీల్, స్పేసర్లు సంచిలో వేసుకుని రా. రిమ్ము మధ్యకు లాగే పని నేను చేసిపెడతాను, నువ్వు పక్కన కూర్చుని చూద్దువుగాని.

మీ మామ