ఠాగూర్ గడ్డం, లింకన్ పైపెదవి

ప్రశ్న: ఉగాదికి మా తెలుగు సంఘం వేస్తున్న నాటికలో మావారిది రవీంద్రనాథ్ ఠాగూర్ వేషం. 1919లో ఆయన మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన ఘట్టం. ముఖానికి పాన్‌కేక్ (మేకప్ రంగు) రాసి, పైన స్పిరిట్ గమ్‌తో క్రేప్ వెంట్రుకలు (జడలా అల్లి అమ్మే పెట్టుడు వెంట్రుకలు) అంటిస్తున్నాం. పది నిమిషాలకే ఊడిపోతున్నాయి. మంచి గమ్ ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: గమ్ మార్చక్కర్లేదమ్మా, దాని కింద పాన్‌కేక్ తీసేయండి. స్పిరిట్ గమ్ అంటే స్పిరిట్‌లో కరిగించిన బంక. స్పిరిట్ ఆవిరయ్యాక మిగిలిన బంకే పట్టు. చర్మానికి, బంకకు మధ్య రంగు ఉంటే బంక ఆ రంగునే పట్టుకుంటుంది. చెన్నై ఉక్కకు రంగు జారిందంటే గడ్డమూ జారినట్టే.

క్రేప్‌ను ముందురోజు రాత్రే జడ విప్పి, తడిపి, కుర్చీ కాళ్ల మధ్య బిగించి కట్టండి. తెల్లారేసరికి ముడతలు చాలావరకు పోతాయి. కొద్దిగా అల మిగిలితే మంచిదే, ఠాగూర్ గడ్డానికి అందం అదే. మీవారిని నున్నగా గీసుకోమనండి. క్రీము, నూనె వద్దు. గమ్ పలచగా పూసి, వేలితో తట్టి చూడండి. తడిగా తగిలితే ఆగండి, వేలికి సాగితే అప్పుడు అంటించండి. చుబుకం కింద నుంచి మొదలుపెట్టి, పెంకులు పరిచినట్టు వరస మీద వరస పైకి రావాలి. ప్రతి వరసనూ తడిగుడ్డతో పదిహేను సెకన్లు అదమండి. మీసం మాత్రం రెండు ముక్కలుగా పెట్టి, నోటి మూలల దగ్గర గమ్ వేయకండి. డైలాగు చెప్పేటప్పుడు ముందు లేచేది అక్కడే.

1919లో ఆయనకు 57 ఏళ్లు. చివరి రోజుల ఫొటోలు చూసి పాలతెలుపు వేయకండి, తెలుపులో బూడిదరంగు కలపండి. తీసేటప్పుడు కొబ్బరినూనె అద్ది, ఐదు నిమిషాలు ఆగి, నెమ్మదిగా ఒలవండి. గమ్‌కి మంట అంటుకుంటుంది, కాబట్టి హారతి పళ్లేన్ని దూరంగా పెట్టండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకు స్కూల్లో అబ్రహాం లింకన్ వేషం. గడ్డం, మీసం పెట్టినా ఎవరూ గుర్తుపట్టలేదు.
- ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: మీసమే తప్పు. లింకన్ పైపెదవి ఖాళీ. చెవి నుంచి చుబుకం మీదుగా మళ్లీ చెవిదాకా వెళ్లే గడ్డమే ఆయన గుర్తు. 1860 అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ల పాప గడ్డం పెంచుకోమని ఉత్తరం రాసేదాకా అదీ లేదు. పిల్లవాడి చర్మానికి స్పిరిట్ గమ్ వద్దు. చెవులకు తగిలించే గడ్డం కొని, మీసం కత్తిరించేయండి చాలు.

కుడి బుగ్గ మీద, నోటికి దగ్గర్లో పుట్టుమచ్చ పెట్టండి. ఫొటోలో అది మనకు ఎడమ వైపు కనిపిస్తుంది. బాబు అద్దంలో చూసుకుంటూ తనే పెట్టుకుంటే ఎడమ బుగ్గ మీద పడుతుంది, కాబట్టి మీరు ఎదురుగా కూర్చుని పెట్టండి.

ప్రశ్న: కార్ల్ మార్క్స్ వేషానికి అంతా తెల్లగా వేయాలా?
- ఒక విద్యార్థి, టి.నగర్

జవాబు: వద్దు. 1875 నాటి ఫొటో చూడండి: జుట్టు, గడ్డం నెరిసినా మీసం నల్లగానే ఉంది. ఆ నలుపు లేకపోతే ఎవరో సాధువు అనుకుంటారు.